సగం లేచిన షట్టరు

పిచ్చుక మా ఆయన మొహం మీదకి దూసుకొచ్చింది.

అప్పటికి కొట్టు షట్టరు నడుము ఎత్తు దాకా లేచింది. ఆయన రెండడుగులు వెనక్కి వేశారు. తాళాలగుత్తి కింద పడింది. వెనకాల నిలబడ్డ మా మరిది, "ఏంటన్నయ్యా, లోపల దొంగలా?" అన్నాడు.

పిచ్చుక కంటే ఆ మాటకే నేను ఎక్కువ ఉలిక్కిపడ్డాను. ఆ అన్నదమ్ములిద్దరూ నేరుగా ఒక మాట అనుకుని చాలా కాలమైంది.

మాది గొడుగుల కొట్టు. ఎండలు మండే రోజుల్లో గొడుగు వంక చూసే నాథుడు ఉండడు కాబట్టి ఏటా కొన్నాళ్ళు మూసేస్తాం. మొదటి మబ్బు పట్టగానే తెరుస్తాం. ఆ ఏడాది తెరవడంలో ఇంకో సంగతి కూడా ఉంది. అందరం కలిసి నడిపే ఆఖరి సీజను అదే. కొట్టు మూసే ముందు రోజు మా మరిది గల్లాపెట్టె దగ్గర్నుంచి వెనక గోడ దాకా సుద్దముక్కతో ఒక గీత గీశాడు. గీతకి అటు అతనిది, ఇటు మాది. గీత మీద గోడ లేస్తుంది.

గొడవకి కారణం అడిగితే నవ్వొస్తుంది. గొడుగులతో పాటు బ్యాగులు కూడా అమ్ముదామని అతను. గొడుగుల కొట్టులో గొడుగులే ఉండాలని ఈయన. అంతే. కానీ గోడ కొట్టులో మొదలైతే కొట్టులోనే ఆగదు. మరిది అప్పటికే రెండు వీధుల అవతల ఒక గది చూసుకున్నాడు. గోడతో పాటు మా ఇంట్లోంచి అతని కంచం కూడా వెళ్ళిపోతుందని నాకు తెలుసు, మా అత్తయ్యకి తెలుసు. పైకి ఎవరమూ అనలేదు.

అత్తయ్య గోడకి అడ్డు చెప్పలేదు. ఒక్క మాట మాత్రం అంది. "వానాకాలంలో తవ్వకాలు పెట్టకండి. వాన పడితే మట్టి నిండా ప్రాణులే. వానలు వెళ్ళాక మీ ఇష్టం."

సరేనన్నాడు మరిది. గోడ ఆగుతుంది గానీ సరుకు ఆగదని, కొట్టు తెరిచిన రోజే పంచేసుకుని తన అద్దాల బీరువాలు దింపేస్తానని కూడా అన్నాడు. అతని స్వభావమే అంత. అత్తయ్య అతన్ని 'తొందర' అని పిలిచేది. మా ఆయన్ని 'నిదానం' అనేది. కన్నతల్లి కాబట్టి చెల్లింది.

అద్దాల బీరువాలు బండి మీద రావడానికి సిద్ధంగా ఉన్నాయి. సరిగ్గా అప్పుడే పిచ్చుక బయటికొచ్చింది.

"ఇంక ముట్టుకోకండి" అంది అత్తయ్య.

మరిది సన్నగా ఉంటాడు. వంగి లోపలికి దూరి, స్టూలెక్కి, టార్చి వేసి షట్టరు చుట్టుకునే రేకు పెట్టెలోకి చూశాడు. గూడుంది, గూట్లో గుడ్లున్నాయి అని చెప్పాడు. చెప్పేటప్పుడు అతని మొహం పరీక్ష తప్పినవాడిలా ఉంది.

షట్టరు సంగతి మా ఆయన విడమరిచి చెప్పారు. పైకి లేచే కొద్దీ రేకు చుట్ట లావెక్కుతుంది. నడుము ఎత్తు దాటిందంటే ఆ చుట్ట పెట్టె గోడకి ఒరుసుకుంటుంది. గూడు సరిగ్గా ఆ సందులో ఉంది. సగం దాకా ఎత్తితే దానికేం కాదు. అంతకు మించి ఒక జానెడు ఎత్తినా పచ్చడే.

"అయితే సగం దాకానే" అంది అత్తయ్య.

నేను వేరే ఇంటి నుంచి వచ్చినదాన్ని. మా పుట్టింట్లో దోమ కనిపిస్తే చప్పట్లు కొట్టడమే. కాపురానికొచ్చిన కొత్తలో ఒక సాయంత్రం అలాగే చప్పట్లు కొట్టాను. హాల్లో అందరూ మాటలు ఆపి నా చేతుల వైపు చూశారు. మెచ్చుకోవడానికి కాదని కాసేపటికి అర్థమైంది. మా అత్తగారిది జైన కుటుంబం. ఇక్కడ బావి నీళ్ళు గుడ్డలో వడగట్టాక ఆ గుడ్డలో మిగిలినదాన్ని పారబొయ్యరు. ఏ బావి నీళ్ళో ఆ బావిలోకే జాగ్రత్తగా దింపుతారు. అందులో ఏముంటాయో కంటికి కూడా కనిపించదు. కనిపించనివాటికే అంత మర్యాద చేసే ఇంట్లో, కంటికెదురుగా గుడ్లుంటే ఇంక చెప్పేదేముంది?

అయినా ఒక ప్రయత్నం చేశాను. గూటిని మెల్లగా తీసి పక్కన పెడితే సరిపోతుంది కదా అన్నాను.

"నువ్వు నిద్రలో ఉండగా నిన్ను మంచంతో సహా ఎత్తుకెళ్ళి ఇంకో ఇంట్లో పెడితే ఊరుకుంటావా?" అంది అత్తయ్య.

"ఇల్లు బాగుంటే ఊరుకుంటాను అత్తయ్యా."

ఆవిడ నవ్వాపుకోలేకపోయింది. కానీ నవ్వు వేరు, షట్టరు వేరు. పక్క చట్రానికి నడుము ఎత్తులో ఎర్ర రిబ్బను ఒకటి కట్టించింది. రోజూ పొద్దున షట్టరు రిబ్బను దాకా లేస్తుంది, పొద్దు వాలక ముందే దిగుతుంది. గూటిని మాటిమాటికీ చూసి తల్లిని బెదరగొట్టకూడదు. అవసరమైతే చిన్నవాడు ఒక్కడే చూడాలి, అదీ తల్లి లేనప్పుడు.

అద్దాల బీరువాలు సగం తలుపులోంచి దూరవు. వాటిని తెచ్చిన బండి వచ్చిన దారినే వెళ్ళిపోయింది. సరుకు పంపకం వాయిదా పడింది.

"ఆ పిల్లలు ఎగిరిపోయిన రోజే షట్టరు పూర్తిగా ఎత్తుతాను. ఆ రోజే పంపకం" అన్నాడు మరిది, నా వైపు చూస్తూ, వాళ్ళన్నకి వినపడేలా.

* * *

వానలు మొదలయ్యాయి.

వంగి లోపలికి రావాల్సిన కొట్టు ఎంత బాగా నడుస్తుందో మీరే ఊహించుకోండి. పడుచువాళ్ళు నవ్వుకుంటూ దూరేవాళ్ళు. నడుము నొప్పివాళ్ళు షట్టరు కింద నుంచి గొంతు మాత్రం పంపేవాళ్ళు. ఒకాయన సగం లోపలికొచ్చి, పొట్ట దగ్గర ఆలోచనలో పడి, అలాగే వెనక్కి వెళ్ళిపోయాడు. ఎదురుగా రెయిన్‌కోట్లు అమ్మే ఆయనకి మా కొట్టు పెద్ద వినోదమైపోయింది. తన దగ్గరికొచ్చిన ప్రతివాళ్ళకీ మమ్మల్ని చూపించేవాడు.

"వాళ్ళ దగ్గర కొనాలంటే ముందు వంగి దండం పెట్టాలండీ. నా దగ్గర ఆ బాధ లేదు" అనేవాడు.

ఇలా లాభం లేదని మా ఆయన బల్ల ఒకటి బయట వేశారు. దాని మీద నీడకి, కొట్టు పైన గుర్తుగా ఉండే మా పెద్ద గొడుగుని దింపి పాతారు. పది మంది నిలబడేంత గొడుగు అని కొన్నప్పుడు చెప్పారు గానీ, ఆ వానకి పొడిగా ఉండే చోటు ఇద్దరికే. అన్నదమ్ములిద్దరూ ఒకే బెంచీ మీద, భుజం భుజం రాసుకుంటూ కూర్చోక తప్పింది కాదు. సరుకు అందించడానికి నేను లోపల.

మొదట్లో మాటలన్నీ నా మీదుగానే నడిచాయి.

"వదినా, ఆ మడత గొడుగులు ఇటు జరపమని చెప్పు" అనేవాడు మరిది. ఆ మడత గొడుగులు మా ఆయన మోచేతి కిందే ఉండేవి.

"జరిపానని చెప్పు" అనేవారు ఈయన.

నేను షట్టరు కింద నుంచి తల బయటపెట్టి అటు మాట ఇటు, ఇటు మాట అటు అందించేదాన్ని. ఆ తర్వాత అసలైన వాన పట్టుకుంది. పెద్ద గొడుగు మీద చినుకుల మోతకి నా గొంతు వాళ్ళకి, వాళ్ళ గొంతు నాకు వినిపించడం మానేసింది. ఒకసారి తెల్ల గొడుగులు అడిగితే నల్లవి ఇచ్చానట. ఇంక గత్యంతరం లేక ఒకరి చెవిలో ఒకరు అరుచుకోవడం మొదలెట్టారు. అరవడం మాట్లాడటం కిందకి రాదనుకున్నారేమో, ఇద్దరూ మొహమాటపడలేదు.

మా ఆయన గొడుగు అమ్మే పద్ధతి వేరు. విప్పుతారు, ప్రతి ఊచనీ వేలితో మీటి చూస్తారు, మూస్తారు, మళ్ళీ విప్పుతారు. ఈలోపు కొనేవాడు తడిసి ముద్దవుతాడు. మరిది పద్ధతి ఇంకోటి. గొడుగు చేతిలో పెట్టి, ఆ మనిషి డబ్బులు తీసేలోపు తర్వాతి మనిషిని పిలిచేస్తాడు. ఒకే బల్ల మీద ఆ రెండూ ఎలా కుదిరాయో చెప్పలేను. అన్న ఊచలు మీటుతుంటే తమ్ముడు కబుర్లు చెప్పి మనిషిని కదలనివ్వకుండా పట్టుకునేవాడు. తమ్ముడు తొందరలో విరిగిన ఊచ గొడుగు తీస్తే అన్న మాట్లాడకుండా లాక్కుని ఇంకోటి పెట్టేవారు. చూస్తుండగానే జనం వీధిలో ఆగి మా దగ్గర కొనడం మొదలెట్టారు. పిచ్చుక కూడా దానికి అలవాటుపడింది. ముక్కున పురుగు పట్టుకుని వాళ్ళిద్దరి తలల మీదుగా రయ్యిన వెళ్ళి షట్టరు సందులో దూరేది. లోపల కిచకిచలు మొదలయ్యాయి.

"పిల్లలు" అని మా ఆయన ఆయనంతట ఆయనే అన్నారు, తమ్ముడి చెవిలో.

* * *

అప్పుడు వచ్చింది ఆ మధ్యాహ్నం.

ఉన్నట్టుండి గాలి లేచింది. పెద్ద గొడుగు తిరగబడి కాడ నుంచి ఊడింది. మా ఆయన దాన్ని పట్టుకోవడానికి వీధిలో పరుగెత్తారు. అంత వేగంగా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. మరిది బల్ల మీద సరుకు రెండు చేతులా వాటేసుకుని లోపలికి దూరి, గొడుగులు నా ఒళ్ళో కుమ్మరించాడు. వీధిలో జనం కూడా తలదాచుకోవడానికి మా షట్టరు కింద నుంచి దూరుతున్నారు. కొట్టంతా తడి బట్టలు, తడి చెప్పులు, ఆవిర్లు.

గుమ్మంలో ఒక మనిషి నిలబడ్డాడు. మంచి దిట్టమైన మనిషి. బస్తాలు మోసే భుజాలు. వెనక ఒక ముసలావిడ వంగలేక అవస్థ పడుతుంటే చూశాడు.

"ఇరుక్కుపోయిందా అమ్మా? ఉండండి, నేను లేపుతా" అన్నాడు.

ఎంత మంచి మనిషో. రెండు చేతులూ షట్టరు అంచు కింద పెట్టాడు.

మా షట్టరు స్ప్రింగు షట్టరు. చిటికెన వేలితో తోసినా పైకి పోతుంది. నేను వద్దని అరిచాను. వానలో ఎవరికి వినిపిస్తుంది? అత్తయ్య గల్లాపెట్టె వెనక లేచి నిలబడింది. ఎర్ర రిబ్బను దాటి రేకు ఒక వరస పైకి లేచింది. పెట్టెలో కిచకిచలు ఒక్కసారిగా ఆగిపోయాయి.

మా మరిది నా పక్కనుంచి గెంతాడు.

షట్టరు అంచుని రెండు చేతులతో పట్టుకుని, మోకాళ్ళు ముడిచి, గబ్బిలంలా వేలాడాడు. ఆ దిట్టమైన మనిషి అటు ఏం జరుగుతుందో తెలియక ఇంకాస్త గట్టిగా లేపాడు. ఇటు మరిది ఇంకాస్త గట్టిగా వేలాడాడు. కాసేపు ఒకరి మొహం ఒకరికి కనిపించకుండా ఇద్దరూ షట్టరుకి అటూ ఇటూ పోరాడారు. ఆఖరికి ఆ మనిషి వంగి లోపలికి చూశాడు. తన ముక్కుకి ఎదురుగా మరిది మోకాళ్ళు.

"ఏంటి బాబూ ఇది?"

"పైన పిల్లలున్నారండీ" అన్నాడు మరిది రొప్పుతూ.

ఆ మనిషి షట్టరు వదిలేశాడు. రేకు రిబ్బను దగ్గరకి దిగింది. కొట్టులో ఉన్నవాళ్ళంతా పైకి చూస్తున్నారు. వాళ్ళలో సగం మందికి విషయం తెలియదు. కాసేపటికి పెట్టెలోంచి ఒక సన్నటి కీచుమన్న చప్పుడు వచ్చింది. దాని వెనకే ఇంకోటి.

ఆ దిట్టమైన మనిషి ముసలావిడని నెమ్మదిగా వంచి లోపలికి తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టాడు. తర్వాత ఒక గొడుగు కొన్నాడు. మా ఆయన విరిగిన పెద్ద గొడుగు చంకన పెట్టుకుని, తల నుంచి నీళ్ళు కారుతూ వచ్చేసరికి ఈ కథ చెప్పడానికి జనం పోటీపడ్డారు. ఆయన అంతా విన్నారు. తమ్ముడి అరచేతులు చూశారు. అంచు గీసుకుని ఎర్రగా కందిపోయాయి. గల్లాపెట్టె కింద నుంచి కొబ్బరినూనె సీసా తీసి అతని ముందు పెట్టారు.

మర్నాడు షట్టరు చట్రానికి, రిబ్బను దాటి లేవకుండా బోల్టు బిగించారు.

* * *

పిల్లలు ఎగిరిపోయాయి.

ఒక పొద్దున గూటి దగ్గర సడి లేదు. పంపకం రోజు వచ్చేసిందని అందరికీ అర్థమైంది. మా ఆయన బోల్టు విప్పడానికి రెంచి తెచ్చుకుని పక్కన నిలబడ్డారు. అత్తయ్య గుమ్మం బయట నిలబడి వీధి వైపు చూస్తోంది. మరిది స్టూలెక్కాడు. నేను స్టూలు పట్టుకున్నాను.

అతను చాలాసేపు పైకి చూశాడు. ఈలోపు బయట బోర్డు అంచు మీద పిచ్చుక వాలింది. ముక్కున పొడుగాటి గడ్డిపోచ. మమ్మల్ని చూసి అక్కడే ఆగింది.

మరిది దాని వైపు చూశాడు. స్టూలు దిగాడు.

"మళ్ళీ పెట్టేసింది వదినా."

"ఏంటి?"

"గుడ్లు" అని, స్టూలు తిరగేసి మూలన పెట్టి, చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు.

మా ఆయన రెంచి వైపు చూసి, తమ్ముడి వీపు వైపు చూశారు. "మరి నీ అద్దాల బీరువాలో?"

"వాటికేం తొందర" అన్నాడు మా తొందర.

రేకు పెట్టెలో పట్టపగలు కూడా చిమ్మచీకటి. టార్చి లేకపోతే కన్ను పొడుచుకున్నా కనిపించదు. ఆ టార్చి అప్పటిదాకా నా చేతిలోనే ఉంది.

* * *

వానలు తగ్గుముఖం పట్టే రోజుల్లో మా ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. అందరూ కూర్చుని ఒకరినొకరు క్షమాపణ అడుగుతారు. పెద్దా చిన్నా లేదు. 'మిచ్ఛామి దుక్కడం' అంటారు. నా వల్ల జరిగిన చెడు చెడిపోవాలి అని. మొదటి ఏడాది అత్తయ్య నా ముందు చేతులు జోడిస్తే నాకు చెమటలు పట్టాయి. ఇప్పుడు నేనే ముందు జోడిస్తాను.

ఆ ఏడాది మా ఆయన తమ్ముడి ముందు కూర్చుని, బ్యాగుల మాట పూర్తిగా వినకుండానే కాదన్నానని, అది తప్పేనని అన్నారు. అన్నంత మాత్రాన ఇప్పుడు ఔనన్నట్టు కాదని కూడా వెంటనే చేర్చారు. మరిది నవ్వి, తనూ చేతులు జోడించాడు. తర్వాత వాళ్ళమ్మ వైపు తిరిగాడు.

"అమ్మా, ఆ రోజు గూట్లో గుడ్లు లేవు. తర్వాతెప్పుడో పెట్టింది. నేను అబద్ధం చెప్పాను."

"ఎందుకు చెప్పావు?"

"గడ్డిపోచ పట్టుకుని బోర్డు మీద కూర్చుంది. దాని ఎదురుగా షట్టరు ఎత్తబుద్ధి కాలేదు" అన్నాడు. ఇంకేదో చెప్పబోయి ఆగిపోయాడు.

"అబద్ధం అబద్ధమే. రేపు నీకు ఉపవాసం" అంది అత్తయ్య.

"సరే."

"నాక్కూడా."

"నీకెందుకమ్మా?"

"టార్చి కోడలి చేతిలో ఉండటం నేనూ చూశాను."

ఇంక నేను వేరే చెప్పేదేముంది? నాకూ ఉపవాసమే అన్నాను. మా ఆయన మా ముగ్గురినీ మార్చి మార్చి చూశారు.

"నేనేం చేశాను?"

"నువ్వేం చెయ్యలేదు నాయనా. నువ్వొక్కడివే కూర్చుని తిను" అంది అత్తయ్య.

మర్నాడు ఇంట్లో పొయ్యి మీదకి నీళ్ళు తప్ప ఏదీ ఎక్కలేదు. నలుగురం కాచి చల్లార్చిన నీళ్ళు తాగుతూ పెద్ద గొడుగుకి కొత్త ఊచలు కట్టాం.

* * *

ఆకాశం తేటపడ్డాక, చెప్పిన మాట ప్రకారం మేస్త్రీ వచ్చాడు. తాపీ, తూకం గుండు, నూలు ఉండ అన్నీ తెచ్చుకున్నాడు. రెండో విడత పిచ్చుక పిల్లలు కూడా అప్పటికే వెళ్ళిపోయాయి. ఈసారి మరిది టార్చి అడిగి మరీ చూసి చెప్పాడు. గూడు నిజంగానే ఖాళీ. మా ఆయన బోల్టు తీశారు.

షట్టరు పూర్తిగా లేచింది. వెలుతురు వెనక గోడ దాకా వెళ్ళి తగిలింది. ఇన్నాళ్ళూ సగం చీకట్లో ఉన్నవాళ్ళం, కళ్ళు చిట్లించుకుని ఒకరినొకరు చూసుకున్నాం.

"గీత గీసి పెట్టామన్నారు, ఏదండీ?" అన్నాడు మేస్త్రీ.

అందరం కిందకి చూశాం. గీత లేదు. వానాకాలమంతా వంగి వచ్చిన వాళ్ళ తడి మోకాళ్ళు, తడి అరచేతులు, తడి చెప్పులు దాన్ని తుడిచేశాయి. గల్లాపెట్టె కాళ్ళ సందులో మాత్రం ఒక వేలెడు సుద్ద మిగిలింది. మేస్త్రీ నూలు ఉండ విప్పి, ఎక్కడి నుంచి పట్టమంటారని అడిగాడు.

మా ఆయన తమ్ముడి వైపు చూశారు. మరిది షట్టరు పెట్టె వైపు చూస్తున్నాడు.

"మేస్త్రీ, బోర్డు పక్కన గోడలో ఒక చెక్క పెట్టె బిగించడం కుదురుతుందా? ఇంతే, మూరెడు. వాన పడకుండా పైన చిన్న వాలు ఉండాలి" అన్నాడు.

"గోడ కట్టాలని కదా పిలిచారు?"

"గోడ ఉందిగా. అందులోనే బిగించు" అన్నారు మా ఆయన.

అత్తయ్య అక్కడే ఉంది. ఇంటికెళ్ళి నలుగురికీ కంచాలు పెట్టింది. అద్దాల బీరువాలు ఆ వారంలోనే దిగాయి, ఒకప్పుడు గీత ఉన్న చోటే, రెండు వైపుల నుంచీ తెరుచుకునేలా. వాటి నిండా బ్యాగులు. మా ఆయన ప్రతి బ్యాగు జిప్పూ లాగి చూసి గానీ అమ్మనివ్వరు.

చెక్క పెట్టె బాగా కుదిరింది. మరిది దానికి రంగు వేశాడు, లోపల గడ్డి పరిచాడు, గుమ్మం ముందు వాలడానికి చిన్న పుల్ల కూడా బిగించాడు. ఇప్పటికి ఏడాది అవుతోంది. ఇన్నాళ్ళకి మళ్ళీ మబ్బు పట్టింది. ఎండాకాలమంతా మూసిన కొట్టు తెరవడానికి అన్నదమ్ములిద్దరూ పొద్దున్నే వెళ్ళారు. నేను వెనకాల బయల్దేరుతుంటే మరిది ఫోను చేశాడు.

"పిచ్చుక పెట్టెలో దూరిందా?" అన్నాను ఆత్రంగా.

"దాని వంక కూడా చూడలేదు. వదినా, ఆ ఎర్ర రిబ్బను ఎక్కడుందో వెతికి తీసుకురా" అని ఒక్క క్షణం ఆగాడు. "వచ్చేటప్పుడు వంగి రా."